చక్కెరయు, నికెలు పొడియు



మంగళగిరి కొండ మెట్లు ఇంచుమించు సగము ఎక్కిన తావున ఒక నాటి యుదయము మా యూరి వృద్ధుడొకడు ఒక ప్రక్కగా కూర్చుండియుండెను. నాకు వరుసకు మేనమామ. ప్రక్కను పానకపు బిందె. "ఏమి మామా, ఇట్లు కూలబడితివి?" అని అడుగగా ఆయన మాటాడక గుండెపై చేయి వేసి చూపి, రొంటిని దోపుకొన్న పొట్లము విప్పి, చిన్న మాత్ర నొకదానిని నాలుక క్రింద నుంచుకొనెను. కొలది నిమిషములలో ముఖము తేటపడినది. మెట్లెక్కవలదని వైద్యుడు చెప్పియే యున్నాడట. పైకి బండ్లు పోవు దారియు నున్నది. కాని మా మామ మాట వినువాడు కాడు. ఊపిరి నిలద్రొక్కుకొన్న పిమ్మట, "అబ్బాయీ, పైన స్వామికి బెల్లపు నీళ్లు, క్రింద నాకీ బిళ్ల! దీనిని దేనితో చేయుదురో!" అని నవ్వెను. "నీ బిందెలో నున్నదానికి ఇది దగ్గర చుట్టమే మామా" అంటిని. ఆయన నమ్మలేదు. నాడు మెట్లమీద సగము చెప్పి విడిచిన కథను ఇప్పుడు పూర్తిగా చెప్పుదును.

ముందొక మాట. పానకాల నరసింహస్వామి వెలసిన యీ కొండ పూర్వ మగ్నిపర్వత మనియు, లోపలి గంధకమును చల్లార్చుటకై బెల్లపు నీరు పోయు నాచారమును పెద్దలు పెట్టిరనియు చదువుకొన్నవారు కొందరు చెప్పుచుందురు. ఈ వ్యాఖ్యానము నాకు రుచింపదు. ఇది తూర్పు కనుమలకు చెందిన మిక్కిలి ప్రాచీనమైన శిల. నిప్పు గ్రక్కిన కొండ కాదు. బెల్లపు నీరు గంధకము నణచునని రసాయన శాస్త్రమున నెక్కడను లేదు. భక్తికి శాస్త్రపు ఊతకఱ్ఱ అక్కరలేదు, శాస్త్రమునకు భక్తి అడ్డును కాదు. అయినను, తీపి వస్తువులో నేదో రసాయన శక్తి దాగియున్నదను తలంపు మాత్రము వట్టిది కాదు. ఆ శక్తి కొండలో గాక, ఉక్కు పాత్రలలో, ఒక లోహపు పొడి సన్నిధిని బయల్పడినది.

చక్కెరకు దాయాదులైన కొన్ని తియ్యని పదార్థములు కలవు. రసాయనజ్ఞులు వీనిని చక్కెర మద్యము లందురు. పేరు విని బెదరవలదు. ఇవి మత్తు గొలుపవు, కల్లు దుకాణముతో వీనికి సంబంధము లేదు. అణువు కట్టుబడిలో కొంత పోలిక యుండుటచే ఆ పేరు వచ్చినది. వీనిలో మొదట మనుష్యుని కంటబడినది గ్లిసరిన్. 1779లో షీలే యను స్వీడను దేశపు మందుల దుకాణదారుడు ఆలివు నూనెను సీసపు భస్మముతో కాచి, మిగిలిన నీటిలో తియ్యని జిగురు పదార్థమును కనుగొనెను. నూనెలో తీపి యుండుట ఆ కాలమువారి కొక వింత. తరువాత 1806లో ప్రూస్టు అను ఫ్రెంచివాడు మన్నా యను చెట్టు పాలనుండి మానిటాల్ అను పదార్థమును వేరుపరచెను. మన మంగళగిరిలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు గాలిగోపురమును ఎత్తించినది 1807-09 సంవత్సరములలో నని చెప్పుదురు గనుక, రెండును ఒక్క కాలపు పనులే. 1872లో బూసింగో అను వ్యవసాయ రసాయనజ్ఞుడు సార్బస్ అను చెట్టు పండ్ల రసములో నింకొకదానిని చూచెను. ఆ చెట్టు పేరే దానికి వచ్చి సార్బిటాల్ అయినది. మా మామ మాత్రకు మూలపురుషు డీ సార్బిటాలే.

అయితే చెట్ల పండ్లనుండి పిండి తీసినచో ఎంత వచ్చును? అది ఔషధశాలలో గాజుబుడ్డిలో నుంచి చూచుటకు మాత్రమే చాలును. చక్కెరనే సార్బిటాలుగా మార్చగలిగిననాడు గదా దానివలన లోకమునకు పని! అందుల కడ్డమేమో చెప్పెదను. బెల్లము వండువారికి తెలిసిన సంగతియే: పెనము క్రింద మంట యెక్కువైనచో పాకము ఎఱ్ఱబడి, నల్లబడి, మాడును. గ్లూకోజు అను చక్కెర అణువులో ఆరు కర్బనపు పరమాణువులు దండవలె గ్రుచ్చబడి యుండును. దండకొక చివర నోరు తెరచుకొన్నట్లు తీరని కొనయొకటి కలదు. ఆ కొనయే దొరికినదానినెల్ల పట్టుకొని పాకమును చెఱచును. ఆ నోటికి ఉదజని వాయువు నందించినచో మూసికొనును. అంతట చక్కెర సార్బిటాలగును. వేడికి సులభముగా నల్లబడదు, కాని తీపి పోదు. చెప్పుట కింత సులభము. కాని ఉదజనిని చక్కెర నీటిలో నెంతసేపు ఊదినను బుడగలై పైకి పోవును గాని చక్కెర నంటదు.

ఇచ్చట మధ్యవర్తి కావలెను. మన గ్రామములలో పెళ్లిళ్ల పేరయ్య యుండునుగదా. రెండు కుటుంబములను ఒక అరుగుమీద కూర్చుండబెట్టి, సంబంధము కుదిర్చి, తాంబూలము పుచ్చుకొని మఱియొక యూరికి పోవును. తాను ఏ యింటివాడును కాడు. రసాయన లోకమున నిట్టి పేరయ్యలు కలరని గుర్తించి 1835లో బెర్జీలియసు అను స్వీడను పండితుడు వానికొక పేరు పెట్టెను. దానినే మనము ఉత్ప్రేరక మనుచున్నాము. ద్రవములో కరగిపోవు ఉత్ప్రేరకములు కొన్ని, కరగక రాయివలె నిలిచి తన ముఖముమీదనే పని జరిపించునవి కొన్ని. రెండవ తెగవారిని పని ముగియగానే వడకట్టి తీసి మరల వాడుకొనవచ్చును. కర్మాగారమునకు కావలసిన గుణ మిదియే.

1897లో ఫ్రాన్సు దక్షిణ భాగమున తులూజు పట్టణమందు సబాటియె యను ఆచార్యుడును, సెండెరెన్స్ అను క్రైస్తవ పురోహితుడును కలసి మెత్తని నికెలు పొడిమీదుగా ఎథిలీను వాయువును ఉదజనితో పంపి చూచిరి. వాయువు రెండును నికెలు ముఖముమీద నొక్కటైనవి. అంతవఱకు ప్లాటినము వంటి విలువగల లోహములకే యిట్టి శక్తి కలదనుకొన్నవారికి, నాణెములు ముద్రించు నికెలు చాలునని తెలిసినది. సబాటియెకు 1912లో నోబెలు బహుమాన మొసగిరి. పారిసుకు రమ్మని పిలుపు వచ్చినను ఆయన తన తులూజును విడువలేదు. మారుమూల పట్టణమున నుండి ఏమి చేయగలమని నిట్టూర్చు మన పిల్లల కాయన పేరు చెప్పుచుందును.

ఆ యేడే, అనగా 1912లోనే, రష్యా సైన్యమున అధికారియైన ఇపాటియెఫ్ మందపు ఉక్కు పాత్రలో చక్కెర ద్రావణమును పోసి, నికెలు కలిపి, ఉదజనిని మిక్కిలి యొత్తిడితో నెక్కించి మూత బిగించెను. తీరని కొన మూసికొన్నది. చక్కెర మద్యము లేర్పడినవి. ఫిరంగుల పరిచయముగల వాడు గనుక ఇనుప గోడలకు ఎంత యొత్తిడి తాళునో ఆయన కెఱుకయే. పిమ్మట స్వదేశమున రాజకీయపు గాలులు మారగా 1930లో అమెరికాకు వలసపోయెను.

నికెలును మెత్తగా చేయుట యొక పెద్ద బెడదగా నుండెడిది. దానిని తీర్చినవాడు కళాశాలాచార్యుడు గాడు. అమెరికాలో ప్రత్తిగింజల నూనెను గట్టిపరచు పనిలో నుండిన మరే రేనీ యను ఇంజనీరు. నికెలును అల్యూమినియముతో కలిపి కరగించి, చల్లారిన ముద్దను పొడిచేసి, కాస్టిక్ సోడాలో వేసెను. సోడా అల్యూమినియమును తినివేసి నికెలును మిగిల్చినది. మిగిలినది చెదపురుగు తిన్న దుంగవలె లోపలనంతయు రంధ్రములతో నుండెను. గుప్పెడు పొడిలోనే ఎంతో విస్తీర్ణము! 1925లోను, 1927లోను ఆయనకు హక్కుపత్రములు లభించినవి. మన యిండ్లలోనికి 1937 మొదలుకొని డాల్డా డబ్బాలతో వచ్చిన వనస్పతి నికెలు చేతి చలువయే. నూనెను గట్టిపరచిన చేతితోనే నికెలు చక్కెరను సార్బిటాలుగా మార్చుచున్నది. సుమారు 130 డిగ్రీల వేడి, మనచుట్టు నున్న గాలి యొత్తిడికి అనేక పదుల రెట్లు ఒత్తిడి, కొన్ని గంటల కాలము చాలును.

1933లో స్విట్జర్లాండునందు రైక్‌స్టైన్ అను పండితుడు సార్బిటాలుతో ఉసిరికాయలోని జీవసత్వమును, అనగా సి విటమినును, చేయు మార్గమును కనిపెట్టెను. ఆయన మార్గములో మొదటి మెట్టు నికెలుది. రెండవది ఒక సూక్ష్మజీవిది. పులిసిన పండ్లలో తిరుగాడు ఆ జీవి సార్బిటాలును సార్బోజు అను వేఱొక చక్కెరగా మార్చును. మిగిలిన మెట్లు రసాయనజ్ఞులవి. అంతకుముందు పండ్లనుండియు, మిరపకాయలనుండియు గ్రాముల లెక్కను తీయు వస్తువు పీపాలలోనికి వచ్చినది. చిగుళ్లు పగిలి రక్తము కారు నావికుల రోగమునకు మందు చవుకయైనది. లోహము, క్రిమి, మనుష్యుడు మువ్వురును వంతులవారీగా చేసిన యిట్టి పని శాస్త్రచరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము.

యుద్ధము వచ్చినప్పుడు ఇదే విద్య వేఱొక దారి పట్టెను. గ్లిసరిను ప్రేలుడు మందులకు ప్రాణము. కొవ్వులు దొరకని జర్మనీలో రెండవ ప్రపంచయుద్ధ కాలమున చక్కెరనే ఉదజనితో బలవంతముగా త్రుంచి, ఆరు కర్బనముల దండను మూడేసి కర్బనముల తునుకలుగా చేసి, గ్లిసరోజెన్ అను మిశ్రమమును తీసిరి. గ్లిసరిను, ప్రొపిలీను గ్లైకాలు, మిగిలిన చక్కెర మద్యములు అందులో కలగాపులగముగా నుండెడివి. పిల్లల పాలలోనికి పోవలసిన చక్కెర కర్మాగారమునకు పోయినది.

ఇప్పుడు మామ మాత్రకు వత్తము. గ్లిసరినుకు నత్రికామ్లము చేర్చినచో డైనమైటులోని నైట్రోగ్లిసరిన్. అదియే మిక్కిలి స్వల్పముగా నిచ్చినచో బిగిసిన రక్తనాళములను సడలించి గుండెనొప్పి నాపునని పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులు కనుగొనిరి. డైనమైటు సృష్టించిన నోబెలుకే కడపటి దినములలో వైద్యులు దానిని వ్రాసియిచ్చిరి! సార్బిటాలు చేతికి వచ్చిన పిమ్మట దానికిని ఇదే పరీక్ష జరిగెను. ఆమ్లము సాయమున సార్బిటాలునుండి రెండు నీటి అణువులను పోగొట్టినచో ఐసోసార్బైడు అగును. ఈ మెట్టునకు మొదట గంధకికామ్లము వాడిరి. ఇటీవల కరగని ఘనామ్లములను, రంధ్రములుగల ఖనిజములను వాడి చూచుచున్నారు. అవి పాత్రను తినవు, కడుగుటకు నీరు అంతగా నక్కరలేదు. ఐసోసార్బైడునకు నత్రికామ్లము చేర్చగా వచ్చినదే ఐసోసార్బైడు డైనైట్రేటు. మన మందుల దుకాణములలో సార్బిట్రేటు అను పేరున అమ్మబడుచున్నది. పేరులోనే సార్బస్ చెట్టు నిలిచియున్నది. పానకపు బిందెకును పొట్లములోని మాత్రకును చుట్టరిక మిట్టిది.

"అట్లయిన మన ఉయ్యూరు చెరకుతోనే యిది చేయుదురా?" అని మామ అడిగెను. ఆయన ఆయేట నాలుగెకరముల చెరకు వేసి ధర చాలక విసిగియున్నాడు. ఉయ్యూరులో వెలగపూడి రామకృష్ణగారు 1941లో నెలకొల్పిన కె.సి.పి. మొదలుకొని, తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు 1947లో ఆరంభించిన ఆంధ్రా షుగర్సు వఱకు, డెల్టాల చెరకును నమ్ముకొని లేచిన కర్మాగారములను మన మెఱుగుదుము. నిజము చెప్పక తప్పలేదు: సార్బిటాలు చెరకుతో చేయుట అరుదు. చెరకు చక్కెర రెండు చక్కెరల జంట. విడదీసినచో సగము గ్లూకోజు, సగము ఫ్రక్టోజు. గ్లూకోజు మొత్తము సార్బిటాలగును. ఫ్రక్టోజు మాత్రము నికెలు చేతిలో రెండు దారులుగా చీలి సగము సార్బిటాలు, సగము మానిటాలు అగును. మానిటాలు మంచిదే, మెదడు వాచినపుడు నరములోనికెక్కించు మందు అదియే. కాని రెంటిని వేరుచేయుట ఖర్చు. గంజిపిండినుండి తీసిన గ్లూకోజు చవుక, శుభ్రము. కాబట్టి సార్బిటాలు వారు మొక్కజొన్నను వెదకుదురు. ఇక్కడ మా మామ మొగము కొంత వికసించెను. కృష్ణా, గుంటూరు మాగాణులలో వరి కోసిన తరువాత, దుక్కి దున్నకుండనే మొక్కజొన్న విత్తు అలవాటు ఈ శతాబ్దములో బాగుగ వ్యాపించినది గదా. ఆయన తమ్ముని పొలమున నదే పైరు.

చక్కెర మద్యముల కథ మధ్యలో నలువది యేండ్లు మందగించెను. కారణము మట్టినూనె బావులు. 1948లో అమెరికాలోని షెల్ వారు పెట్రోలియపు వాయువునుండియే గ్లిసరినును చేసి అమ్మసాగిరి. మన బెజవాడలో రేడియో కేంద్రము వెలసిన సంవత్సరమును అదియే. ప్రొపిలీను గ్లైకాలు మొదలగు ద్రవములన్నియు, దగ్గుమందులలో కలపునవి సయితము, నేలనూనె బిడ్డలైనవి. పైరునుండి చేయుదమన్నవారిని చూచి వ్యాపారులు నవ్విరి.

శతాబ్దము మారునప్పటికి గాలి మరల తిరిగినది. 2002లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున డ్యూమెసిక్ బృందమువారు సార్బిటాలును, గ్లిసరినును నీటిలో నుంచి 225 డిగ్రీల ప్రాంతమున ప్లాటినముమీద పంపి, వానినుండియే ఉదజనిని రాబట్టిరి. ఉదజని పోసి చేసిన వస్తువునుండి ఉదజని పిండుట వింత కాదా? 2004లో అమెరికా ప్రభుత్వము పైరులనుండి చేయదగిన పండ్రెండు ముఖ్య రసాయనముల పట్టిక వేసి, అందులో గ్లిసరినును, సార్బిటాలును, జైలిటాలును చేర్చెను. 2008లో చైనా దేశపు డాలియన్ పండితులు టంగ్‌స్టను కార్బైడుకు నికెలు జోడించి, దూదివంటి సెల్యులోజును ఒక్క పాత్రలోనే ఇథిలీను గ్లైకాలుగా మార్చిరి. మన పొలములలో తగులబెట్టు గడ్డిలోను సెల్యులోజే యున్నది.

ఆ కాలముననే నూనెలనుండి బయోడీజిలు చేయు కర్మాగారములు బయలుదేరినవి. మన కాకినాడలో 2008లో పని ప్రారంభించిన దొకటి అట్టిదే. పది బస్తాల బయోడీజిలు చేసినచో సుమారొక బస్తా బరువు గ్లిసరిను వెంటబడి వచ్చును. లోకమంతట నిట్లు గ్లిసరిను గుట్టలు పడి ధర పడిపోయెను. ఒకనాడు యుద్ధముచేసి తెచ్చుకొన్న వస్తువును పారవేయు స్థితి వచ్చినది. చవుకైన యీ చక్కెర మద్యమునుండి, ఒక ఆమ్లజనిని మాత్రము తొలగించి, ప్రొపిలీను గ్లైకాలు చేసినచో నేలనూనెకు బదులు పైరు నిలుచును. కాని నికెలునో రుథీనియమునో వాడినచో నవి ఆమ్లజనితోపాటు కర్బనపు దండనుగూడ త్రెంపును; ఫలము చాలవఱకు పనికిరాని వాయువులై పోవును. రాగి యట్లు కాదు. కలుపు తీయు పడుచు పైరును ముట్టక గడ్డినే పీకినట్లు, రాగి దండ జోలికి పోక ఆమ్లజనినే తీయును. 2005 ప్రాంతమున మిస్సోరీలో సప్పెస్ అను ఆచార్యుడు రాగి క్రోమైటుతో దీనిని సాధించి మఱుసటి యేట అధ్యక్షుని బహుమాన మందెను. అయితే క్రోమియములో విషగుణము కలదు. వాడిన పొడిని పారవేయుట కష్టము.

ఇక్కడనే మన హైదరాబాదు వచ్చుచున్నది. 1944లో నిజాము ప్రభుత్వము నెలకొల్పిన కేంద్ర పరిశోధనాలయము 1956లో భారతప్రభుత్వపు పరిశోధనా మండలి చేతిక్రిందికి వచ్చి, 1989లో భారత రసాయన సాంకేతిక సంస్థ యను పేరు దాల్చెను. నూనెలు మొదటినుండియు దాని ముఖ్యవిద్యలలో నొకటి. ఆ సంస్థవారు 2008లో రాగిని తుత్తునాగపు భస్మముతో కలిపి క్రోమియము లేని ఉత్ప్రేరకమును చేసి, సుమారు 200 డిగ్రీలవద్ద గ్లిసరినును ప్రొపిలీను గ్లైకాలుగా మార్చి ఫలితములను ప్రకటించిరి. రాగియు తుత్తునాగమును! మన బిందెలు పోతపోయు ఇత్తడిలోని రెండు లోహములే. మామ చేతిలోని బిందెయు ఇత్తడిదే యగుటచే దానిని తట్టి చూపితిని. ఆయన బిందెను త్రిప్పి త్రిప్పి చూచెను. బిందెలో గ్లిసరిను పోసినంతమాత్రమున నేమియు జరుగదని చెప్పవలసివచ్చినది. లోహము ఇసుకరేణువుకంటె మిక్కిలి చిన్న కణములుగా నుండవలెను, ఉదజని యొత్తిడి కావలెను.

ఒక లోపము దాచను. పేరయ్యకును ముసలితనము వచ్చును. వేడికి చిన్న లోహపుకణములు దగ్గరకు జేరి పెద్దముద్దలగును. ముఖము తగ్గును, పని తగ్గును. కొన్నిటిపై బొగ్గు పేరుకొనును. నికెలు కొంత కరగి సార్బిటాలులో కలియుటచే దానిని తుదకు వడపోసి తీసివేయుదురు; తినుబండారములోనికి లోహము పోరాదుగదా. ఈ కారణముచే కొందరు బొగ్గుపై నద్దిన రుథీనియమునకు మారిరి. అది ఖరీదు, కాని కరగదు. ప్రయోగశాలలో పది గంటలు చక్కగ పనిచేసిన పొడి కర్మాగారములో పది నెలలు నిలుచునా యన్నదే యీ విద్యలో నిత్యమైన ప్రశ్న. బుడ్డినుండి పీపాకు పోలేక ఆగిపోయిన పద్ధతులు చాల.

అంతలో ఎండ ముదిరినది. మామ లేచి బిందె నెత్తుకొనబోగా నేనే పుచ్చుకొంటిని. మిగిలిన మెట్లు మెల్లగా, పది మెట్లకొకసారి నిలుచుచు ఎక్కితిమి. పైన అర్చకులు శంఖముతో పానకమును స్వామి నోట పోసి, మిగిలిన సగము తిరిగి యిచ్చిరి. మామ దోసిట పట్టి త్రాగి, మీసము తుడుచుకొని, "మొక్కజొన్న ధర యీ యేడు ఎంత పలుకునురా?" అని అడిగెను.